ముల్కీ నుండి స్థానికత వరకు: 1969 విద్యార్థి ఉద్యమం – తెలుగు సాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం: 1969 నాటి తెలంగాణ విద్యార్థి ఉద్యమాన్ని విఫలమైన ఉద్యమంగా, నాయకుల విద్రోహానికి బలైన ఉద్యమంగా చెప్పుకోవడం పరిపాటి. ఆ ఉద్యమం రాష్ట్రాన్ని సాధించలేకపోయినా, తెలుగు ప్రాంతాల పరస్పర సంబంధాలను ‘స్థానికత’ అనే కొత్త భావన చుట్టూ పునర్నిర్మించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ మార్పును మన సాహిత్య విమర్శ సకాలంలో గుర్తించలేకపోవడానికి గల కారణాలను చర్చిస్తూ, నవీన్ ‘అంపశయ్య’ నవలను ఆ నేపథ్యంలో పునఃపఠిస్తుంది.

కీలకపదాలు: విద్యార్థి ఉద్యమం, ముల్కీ, స్థానికత, ప్రాంతీయ అస్తిత్వం, ఉస్మానియా, అంపశయ్య.

1. ప్రవేశిక

1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా ‘విశాఖ విద్యార్థులు’ పేరిట ఒక కరపత్రం వెలువడింది. శ్రీకాకుళ సాయుధపోరాటం సాగుతున్న రోజులవి. రచయితలు ఎవరి పక్షాన నిలుస్తారో తేల్చుకోవాలని ఆ కరపత్రం నిలదీసింది. అదే సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రను బోధించే ఏ తరగతిలోనైనా ఈ కరపత్రం ప్రస్తావనకు వస్తుంది. డిగ్రీ విద్యార్థికీ, నెట్ పరీక్షకు సిద్ధమయ్యే అభ్యర్థికీ అది కంఠతా వచ్చిన విషయమే.

దానికి సుమారు ఏడాది ముందు, 1969 జనవరిలో, తెలంగాణ అంతటా విద్యార్థులు తరగతులను విడిచి వీధుల్లోకి వచ్చారు. కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. కాల్పులు జరిగాయి. ప్రాణాలు కోల్పోయినవారి సంఖ్యను 369గా చెప్పుకోవడం వాడుక. వారి స్మృత్యర్థం శాసనసభకు ఎదురుగా గన్‌పార్కులో స్థూపం నిలిచింది. ఇంతటి ఉద్యమం మన సాహిత్య యుగవిభజనలో ఒక హద్దుగాగానీ, ఒక ధోరణికి ప్రారంభంగాగానీ కనిపించడం అరుదు. ఒక కరపత్రం సాహిత్య చరిత్రలో చేరింది. వేలాది విద్యార్థుల ఉద్యమం రాజకీయ చరిత్రకు మాత్రమే పరిమితమైంది. ఈ వ్యత్యాసం ఎందుకు ఏర్పడిందన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

‘1969లో రాసినవి నినాదప్రాయమైన రచనలు, వాటికి సాహిత్యవిలువ తక్కువ’ అన్న సమాధానం వినబడుతూ ఉంటుంది. ఈ సమాధానం నిలవదు. విశాఖ కరపత్రాన్ని మనం దాని శిల్పాన్ని చూసి సాహిత్య చరిత్రలో చేర్చుకోలేదు, అది లేవనెత్తిన ప్రశ్నను చూసి చేర్చుకున్నాం. అదే కొలమానాన్ని ఉస్మానియా విద్యార్థులకూ వర్తింపజేయాలి. అందుకు మొదట వారు లేవనెత్తిన ప్రశ్న ఏమిటో తెలియాలి.

2. ఒక మాట, దాని ప్రయాణం

ఉద్యమం కవిత్వంతో మొదలుకాలేదు, ఉద్యోగంతో మొదలైంది. కొత్తగూడెం సమీపంలోని పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికేతరులకు ఉద్యోగాలిచ్చారన్న ఆరోపణ దానికి నిప్పురవ్వ. 1969 జనవరి 8న ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆ రోజుల కోరికలను పరిశీలిస్తే అవి నియామకాలు, సీనియారిటీ, మిగులు నిధులు, ధ్రువపత్రాల భాషలో ఉంటాయి. సాహిత్య విద్యార్థికి పొడిగా తోచే భాష ఇది. కానీ ఆ భాష మధ్యలో ఒక మాట ఉంది. అది ‘ముల్కీ’.

‘ముల్క్’ అంటే దేశం, రాజ్యం. ముల్కీ అంటే ఆ రాజ్యానికి చెందినవాడు. నిజాం పాలనలో 1919 నాటి ఫర్మానా ప్రకారం హైదరాబాదు రాజ్యంలో పుట్టినవారితోపాటు, పదిహేనేళ్ళు స్థిరనివాసం ఉన్నవారు కూడా ముల్కీలే. ఆ అర్థంలో ఔరంగాబాదు మరాఠీ, గుల్బర్గా కన్నడిగుడు, వరంగల్లు తెలుగువాడు ముగ్గురూ సమానంగా ముల్కీలు. 1952 సెప్టెంబరులో వరంగల్లు, హైదరాబాదులలో విద్యార్థులు స్థానికేతరుల నియామకాలకు వ్యతిరేకంగా ఆందోళన చేసినపుడు, సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులు జరిగినపుడు, ఆ మాటకు ఈ విస్తృతార్థమే ఉంది. 1956 నవంబరు 1 తర్వాత అది సంకోచం పొందింది. రాజ్యం మూడు ముక్కలై మూడు భాషారాష్ట్రాలలో కలిసింది. తెలుగు జిల్లాలలో మిగిలిన ‘ముల్కీ’ ఇక తెలంగాణవాడు మాత్రమే. అతనికి ఎదురుగా నిలిచిన ‘గైర్ ముల్కీ’ కూడా తెలుగువాడే. అర్థసంకోచానికి పాఠ్యపుస్తకాలలో మనమిచ్చే ఉదాహరణలకు ఇదొకటి చేర్చుకోదగినది. అయితే ఇక్కడ మారింది ఒక పదం అర్థం మాత్రమే కాదు, రెండు ప్రాంతాలవారు ఒకరినొకరు చూసుకునే తీరు కూడా.

1969 జనవరి 19న రాజకీయ పక్షాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. దానిని అనుసరించి స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపడానికి ప్రభుత్వం ఉత్తర్వు 36ను జారీ చేసింది. రక్షణలు అమలైతే చాలన్న విద్యార్థులు అక్కడ ఆగారు. ప్రత్యేక రాష్ట్రమే మార్గమన్నవారు ఆగలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు, తెలంగాణలో నివాస నిబంధనతో ఉద్యోగాలు కేటాయించిన 1957 నాటి చట్టంలోని నిబంధనను కొట్టివేయడంతో మొదటి వర్గం వాదానికి ఆధారం లేకుండాపోయింది. రక్షణల కోరిక రాష్ట్రం కోరికగా మారడానికి నాయకుల ప్రసంగాలకంటే ఈ తీర్పే ఎక్కువ దోహదం చేసిందని నేను భావిస్తున్నాను.

తర్వాతి పరిణామాలు తెలిసినవే. 1972 అక్టోబరు 3న అదే సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పునిచ్చింది. ఈసారి కోస్తా, రాయలసీమల విద్యార్థులు జై ఆంధ్ర ఉద్యమంలోకి దిగారు. అదే మాట, ఎదుటి పక్షం. 1973 సెప్టెంబరు 21న ప్రకటించిన ఆరుసూత్రాల పథకం ముల్కీ నిబంధనలను, తెలంగాణ ప్రాంతీయ సంఘాన్ని రద్దు చేసి, వాటి స్థానంలో ‘స్థానిక అభ్యర్థి’ని ప్రవేశపెట్టింది. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా విభజించింది. ఐదవ, ఆరవ జోన్లు తెలంగాణకు, నాలుగవది రాయలసీమకు, తొలి మూడు కోస్తాకు దక్కాయి.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. తెలంగాణ విద్యార్థులు తమ ప్రాంతానికి కోరిన రక్షణను ఆరుసూత్రాల పథకం అన్ని ప్రాంతాలకూ పంచింది. శ్రీకాకుళం యువకుడు మొదటి జోన్‌లో స్థానికుడు, కర్నూలు యువకుడు నాలుగవ జోన్‌లో స్థానికుడు. అందరికీ ఇవ్వడం ద్వారా ఆ కోరిక ప్రత్యేకతను తగ్గించారు. అదే సమయంలో ‘నువ్వెక్కడివాడివి’ అన్న ప్రశ్నను రాష్ట్రమంతటికీ శాశ్వతం చేశారు. రెండూ ఒకే చర్య ఫలితాలు. ఉద్యమం ఓడిపోయిందనేవారు మొదటిదాన్ని మాత్రమే చూస్తున్నారు.

ఉన్నతవిద్యా ప్రవేశాలలో జరిగినది ఇంకా ఆసక్తికరం. 1974 ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయిస్తూ, స్థానిక ప్రాంతాలను విశ్వవిద్యాలయాల పేర్లతో నిర్వచించింది. తెలంగాణ ‘ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతం’ అయింది. కోస్తాలో అధికభాగం ‘ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం’, రాయలసీమ ‘శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం’ అయ్యాయి. ప్రవేశపరీక్షల కౌన్సెలింగులో ఓయూ, ఏయూ, ఎస్వీయూ అని గుర్తుపెట్టిన లక్షలాది విద్యార్థులకు ఆ అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియకపోవచ్చు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రగిలిన ఉద్యమం చివరకు తన ప్రాంతానికి విశ్వవిద్యాలయం పేరునే చట్టపరమైన పేరుగా మిగిల్చింది. 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం కూడా ఆరుసూత్రాల పథకం ఇచ్చినదే.

3. భాష ఒక్కటే అయినపుడు

1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీని అధికారభాషగా గుర్తించాలని కోరిన విద్యార్థులపై కాల్పులు జరిగాయి. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాదు విద్యార్థులపై కాల్పులు జరిగాయి. మొదటిది బెంగాలీ సాహిత్యానికి కేంద్రస్మృతి అయింది. 1999లో యునెస్కో ఆ తేదీని అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. రెండవదాని తేదీ తెలుగు ఆచార్యులలోనే చాలామందికి గుర్తుండదు. పోలిక అతిగా తోచవచ్చు. ఢాకా ఘటన ఒక దేశావతరణకు దారితీసిందనీ, హైదరాబాదుది నగరస్థాయి సంఘటన అనీ అనవచ్చు. కానీ అసలు భేదం పరిమాణంలో లేదు. ఢాకా విద్యార్థులు అడిగినది భాష. రచయిత భాషతో బతికేవాడు కనుక ఆ పోరాటాన్ని వెంటనే తనదిగా గుర్తించగలడు. హైదరాబాదు విద్యార్థులు అడిగినది ఉద్యోగం, అదికూడా తమ భాషనే మాట్లాడే మరొకరి నుండి.

మన ఆధునిక సాహిత్య చరిత్ర రచన ఒక ఊహపై నిలబడింది. తెలుగు భాష ఒకటి కనుక తెలుగు జాతి ఒకటి, తెలుగు సాహిత్యం ఒకటి. ఈ ఊహలో ప్రాంతానికి మాండలికంగా చోటుంది. విడిగా ప్రయోజనాలు, ఫిర్యాదులు ఉన్న సమాజంగా చోటు లేదు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను కూర్చి చూపినది ఈ లోటునే. దానిని కూడా మనం చాలాకాలం ఒక ఆవేశపూరిత సమాధానంగా చదివాం తప్ప, సాహిత్య చరిత్ర రచనాపద్ధతిపై విమర్శగా చదవలేదు.

భాషాదృష్టికి ప్రత్యామ్నాయంగా వచ్చిన వర్గదృష్టి కూడా ఇక్కడ తోడ్పడలేదు. తెలంగాణ సాయుధపోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీయే విశాలాంధ్రను కోరినది. 1969లోనూ ఉభయ కమ్యూనిస్టు పార్టీలు సమైక్యరాష్ట్ర పక్షానే నిలిచాయి. అభ్యుదయ విమర్శకునికి ఉద్యోగాల కోసం పోరాడే విద్యార్థి మధ్యతరగతి ప్రతినిధి, ప్రాంతం పేరెత్తేవాడు శ్రామికుల ఐక్యతకు భంగకరుడు. అడవిలో గిరిజనుని భూమికోసం పోరాడే విద్యార్థిని కీర్తించగలిగిన దృష్టి, తన ఊరి థర్మల్ కేంద్రంలో గుమాస్తా ఉద్యోగాన్ని అడిగే విద్యార్థిని చూసి ఇబ్బంది పడింది. 1965లో దిగంబర కవుల తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేసిన నగరం హైదరాబాదే. నగరం నడిబొడ్డున ఉన్న విశ్వవిద్యాలయంలో రగిలిన ప్రశ్న మాత్రం ఆ కాలపు విమర్శ పరిభాషలోకి రాలేదు. ఉద్యోగం చిన్న కోరిక అనుకునేవారు 2024లో ఢాకాలో ఉద్యోగాల కోటాపై మొదలైన విద్యార్థుల ఆందోళన ఒక ప్రభుత్వాన్ని కూల్చి, ఇరుగుపొరుగు దేశాల సంబంధాలను కుదిపిన తీరును గుర్తుచేసుకోవచ్చు.

కాళోజీ నారాయణరావు ఇందుకు మినహాయింపు. ఆయన తొలుత విశాలాంధ్రను సమర్థించారు. అనుభవంమీద ప్రత్యేక తెలంగాణ పక్షానికి వచ్చారు. ‘నా గొడవ’ కవి ఆలోచనలో వచ్చిన ఈ మలుపు ఆయనను అర్థం చేసుకోవడానికి కీలకం. కానీ ఆయనను ‘ప్రజాకవి’ అన్న బిరుదు కిందికి తెచ్చి, ధిక్కారాన్ని సాధారణీకరించడం మనకు అలవాటైంది. ఎవరిపై ధిక్కారం, ఏ సంవత్సరంలో, ఏ ఒప్పందం భంగమైనపుడు అన్న ప్రశ్నలు బిరుదులో కరిగిపోయాయి.

4. ‘అంపశయ్య’ను మళ్ళీ చదవడం

1969లోనే పుస్తకంగా వెలువడిన నవీన్ నవల ‘అంపశయ్య’కు రంగస్థలం ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహం. రవి అనే విద్యార్థి జీవితంలోని ఒక్క రోజు ఇందులోని కథాకాలం. ఈ నవలపై వచ్చిన విమర్శలో సింహభాగం చైతన్యస్రవంతి శిల్పం గురించినదే. పాశ్చాత్య ప్రభావం ఎంత, ఆ శిల్పం ఎంతవరకు సఫలమైంది, ఇందులోని లైంగిక ప్రస్తావనలు ఔచిత్యభంగమా కాదా అన్నవి పదేపదే చర్చకు వచ్చిన అంశాలు.

ఈ నవల ఉద్యమం గురించినది కాదు. ఉద్యమానికి కొద్ది సంవత్సరాల ముందటి ప్రాంగణం ఇందులోనిది. రాజకీయ ప్రకటన కోసం వెదికితే నిరాశే మిగులుతుంది. కానీ రవి ఎవరు? తెలంగాణ పల్లెనుంచి నగరానికి చదువుకోసం వచ్చిన పేద కుటుంబపు యువకుడు. అతని మనసును రోజంతా పీడించేవి డబ్బు, పరీక్ష, ఇతరుల ముందు తన స్థాయి, రేపటి సంగతి. ఇంగ్లీషు తెలిసిన, నగరానికి అలవాటుపడిన తోటివారి మధ్య తాను అక్కడివాడు కాదేమోనన్న న్యూనత అతనిని వదలదు. విమర్శకులు దీనిని అస్తిత్వవేదన అన్నారు. కాముకీ సార్త్రులను తలచుకున్నారు. అది తప్పని అనను. అయితే ఆ వేదనకు ఒక సామాజిక చిరునామా ఉంది. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో సాగిన విద్యావ్యవస్థ నుండి బయటపడిన ప్రాంతంలో, విశ్వవిద్యాలయం మెట్లెక్కిన తొలితరం గ్రామీణ విద్యార్థుల వేదన అది. చదువు పూర్తయితే ఏమవుతుందన్న రవి భయమూ, పాల్వంచలో ఉద్యోగాలెవరికన్న ఖమ్మం విద్యార్థి ప్రశ్నా ఒకే నేలలో మొలిచాయి. రవి దానిని లోపలికి తిప్పుకున్నాడు, ఖమ్మం విద్యార్థి బయటికి అన్నాడు.

ఇలా చదివినపుడు ‘అంపశయ్య’ శిల్పానికి కూడా కొత్త అర్థం వస్తుంది. ఒక వ్యక్తి ఫిర్యాదు ఇంకా సామూహిక భాషను సంపాదించుకోని దశలో స్వగతమే దానికి సహజమైన రూపం. కొద్ది సంవత్సరాలలోనే ఆ ప్రాంగణంలో స్వగతం నినాదమైంది. ఈ రెండు ఘటనల మధ్య సంబంధం గురించి ఆలోచించకుండా శిల్పాన్ని శిల్పంగా, ఉద్యమాన్ని ఉద్యమంగా వేరుచేసి చదివిన పద్ధతి రెండింటికీ నష్టం కలిగించింది.

5. ‘విద్రోహ’ కథనం పరిమితులు

1969ని తలచుకునే రచనలలో అత్యధికం విద్రోహాన్ని కేంద్రంగా చేసుకుంటాయి. తెలంగాణ ప్రజాసమితి 1971 లోక్‌సభ ఎన్నికలలో 10 స్థానాలు గెలిచి, అదే ఏడాది కాంగ్రెసులో విలీనమైంది. ఈ విలీనమే కథకు పరాకాష్ఠ. ఇందులో అసత్యం లేదు. కానీ ఈ కథనం విద్యార్థులను మోసపోయినవారుగా, మరణించినవారుగా మాత్రమే నిలుపుతుంది. వారు కర్తలుగా ఏం చేశారన్నది వెనక్కి పోతుంది.

వారు చేసినది తక్కువ కాదు. నాయకులు ఉద్యమాన్ని సృష్టించలేదు. జనవరి ఒప్పందాన్ని తోసిపుచ్చిన విద్యార్థుల వెంట నాయకులు నడిచారు. మర్రి చెన్నారెడ్డి ప్రజాసమితి పగ్గాలు చేపట్టేనాటికి విద్యార్థులు నెలలుగా వీధుల్లో ఉన్నారు. ఇందిరాగాంధీకి దేశమంతటా ఘనవిజయం దక్కిన ఎన్నికలలో తెలంగాణ ఆమెకు ఎదురుతిరిగింది. ఆ ఏడాదే కాసు బ్రహ్మానందరెడ్డి తప్పుకోగా, తెలంగాణ నుండి తొలిసారి ఒకరు, పి.వి.నరసింహారావు, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. జై ఆంధ్ర ఉద్యమం ఆయనను 1973 జనవరిలో పదవి నుండి దించింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. ముఖ్యమంత్రిని శాసనసభాపక్షం కాక ఢిల్లీ నిర్ణయించే పద్ధతి ఈ దశలోనే బలపడింది. ఆ పద్ధతిపై పెరిగిన అసహనం తర్వాతి దశకంలో ఏ పార్టీ పుట్టుకకు తోడ్పడిందో చెప్పనక్కరలేదు.

విద్రోహ కథనానికి మరో లోపముంది. అది జై ఆంధ్ర విద్యార్థులను చూడనివ్వదు. వాల్తేరులో, గుంటూరులో, తిరుపతిలో 1972 చివర వీధుల్లోకి వచ్చినవారూ ఉద్యోగభయంతోనే వచ్చారు. రాజధానిలో తమకు చోటు లేదన్న బాధ వారిది. మూడేళ్ళ వ్యవధిలో రెండు ప్రాంతాల విద్యార్థులు ఒకే చట్టం గురించి ఎదురెదురుగా నిలిచి, ఇద్దరూ విడిపోవడమే పరిష్కారమన్నారు. ఈ సామ్యాన్ని పరిశీలించిన సాహిత్య విమర్శ నా దృష్టికి వచ్చినంతలో స్వల్పం. తెలంగాణ విమర్శకుడు జై ఆంధ్రను ప్రతిక్రియగా కొట్టివేస్తాడు. కోస్తా విమర్శకుడు రెండింటినీ విచ్ఛిన్నవాదంగా కలిపివేస్తాడు. రెండూ చదవకుండా తప్పించుకునే మార్గాలే.

6. ప్రాంతీయ అస్తిత్వానికి తేదీ

పాఠ్యప్రణాళికలలో స్త్రీవాదం, దళితవాదం, మైనారిటీవాదం తర్వాత ‘ప్రాంతీయ అస్తిత్వవాదం’ వస్తుంది. దానికి ఆరంభం 1990ల మలిభాగం. 2002లో వచ్చిన ‘మత్తడి’ తెలంగాణ కవితా సంకలనం దానికి ప్రధాన నిదర్శనం. ఈ క్రమం బోధనకు సౌకర్యమే. కానీ ఇది ప్రాంతీయస్పృహను ఇతర అస్తిత్వవాదాల అనుకరణగా కనిపింపజేస్తుంది. ప్రాంతాన్ని ఒక సమాజంగా, ఒక ఫిర్యాదుగా నిర్వచించిన భాష 1952–1975 మధ్యలో విద్యార్థులు, న్యాయస్థానాలు, ప్రభుత్వ ఉత్తర్వులు కలిసి తయారుచేసినది. సాహిత్యం దానిని ఆలస్యంగా అందుకుంది. రాయలసీమ కథ, ఉత్తరాంధ్ర కథ అని విడివిడిగా సంకలనాలు వేసుకోవడం, విడిగా చర్చించుకోవడం జోన్ల విభజన తర్వాతి దశకాలలోనే ఊపందుకుందన్నది యాదృచ్ఛికమని నేను అనుకోవడం లేదు. ఇది మరింత ఆధారంతో పరీక్షించవలసిన ప్రతిపాదన.

2009 నాటి ఉద్యమాన్ని చదవడానికి కూడా ఈ తేదీ సవరణ అవసరం. నవంబరు 30న కె.చంద్రశేఖరరావు దీక్ష విరమించారన్న వార్త వచ్చినపుడు ఉస్మానియా విద్యార్థులు ఆగ్రహించి రోడ్లెక్కారు. దీక్ష కొనసాగింది. డిసెంబరు 9న కేంద్రం ప్రకటన చేసింది. నాయకులను విద్యార్థులు వెనుకనుండి నెట్టిన 1969 జనవరి ఇక్కడ పునరావృతమైంది. భేదమూ ఉంది. 2009 ప్రాంగణంలో దళిత, వెనుకబడిన కులాల విద్యార్థుల గొంతు ముందుకు వచ్చింది. పాట ఉద్యమానికి ప్రధాన వాహిక అయింది. శ్రీకాంతాచారి మొదలుకొని సాగిన ఆత్మబలిదానాలు ఉద్యమ సాహిత్యానికి స్మృతిగీతాన్ని ప్రధాన ప్రక్రియగా చేశాయి. స్మృతిగీతం ఎక్కువైన కొద్దీ 1969 నాటి ఆ పొడి భాష, నియామకాల లెక్కల భాష, మరింత మరుగునపడింది.

ఆ భాష మాత్రం చట్టంలో బతికే ఉంది. 2014 పునర్విభజన చట్టం ఉన్నతవిద్యా ప్రవేశాల పాత కోటాలను పదేళ్ళకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్‌తో ముగిసింది. తెలంగాణ 2018లో కొత్త జోన్లు ఏర్పరచుకుంది. వైద్యవిద్య ప్రవేశాలలో, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు రాష్ట్రంలో చదివినవారినే స్థానికులుగా పరిగణించాలన్న నియమం న్యాయస్థానాలదాకా వెళ్ళింది. ఖమ్మం సరిహద్దు మండలంలో పుట్టి, ఇంటర్మీడియట్ విజయవాడలో చదివిన విద్యార్థిని ఆ నియమం స్థానికేతరురాలిని చేస్తుంది. ఆమె తాత 1969లో ముల్కీ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కచేరీ చుట్టూ తిరిగినవాడై ఉండవచ్చు.